కొండల్లో తప్పిపోయిన ఆప్తులు: రొమాంటిక్ సస్పెన్స్‌లో ఒక పాయ

ఎవరో కొండల్లోకి వెళ్ళి తిరిగి రారు. ఉత్తరాలు ఆగిపోతాయి. ఇంటి దగ్గర నిలవలేక చెల్లెలో, తమ్ముడో, భార్యో బయల్దేరతారు. తీరా అక్కడికి చేరాక, ఊళ్ళోవాళ్ళు చెప్పేదానికీ తమకు తెలిసినదానికీ పొంతన కుదరదు. సాయానికొచ్చిన మనిషి మీద మనసు పడుతుంది గానీ, అతణ్ణి నమ్మవచ్చో లేదో తేలదు. ఇంగ్లీషు జనప్రియ సాహిత్యంలో ‘రొమాంటిక్ సస్పెన్స్’ అనే శాఖలో ఇది బాగా నలిగిన దారి. దీని మొదళ్ళు 18వ శతాబ్దపు గోథిక్ నవలల్లో ఉన్నాయి. ఇప్పటి రూపం 1950లలో మేరీ స్టూవర్ట్ చేతిలో కుదిరింది. ఆ తర్వాత వెండితెర మీదుగా కశ్మీర్ దాకా, తెలుగు ప్రేక్షకుల దాకా వచ్చింది.

డిటెక్టివ్ కథతో దీనికి చుట్టరికం ఉన్నా పోలిక తక్కువ. డిటెక్టివ్ కథలో దొరికే ఆధారం అందరిదీ. వేలిముద్రనో బూటు గుర్తునో తెలివైనవాడు ఎవడైనా చదవగలడు. ఇక్కడ దొరికేది ఆధారం కాదు, ఆనవాలు. సొంతవాళ్ళు తప్ప మరొకరు దాన్ని గుర్తుపట్టలేరు. పోలీసు రికార్డు, మరణ ధ్రువపత్రం, ఊరి పెద్ద మాట అన్నీ ఒకవైపు ఉంటే, ‘మా అక్క అలా చేయదు’ అన్న ఒక్క ఎరుక మరోవైపు ఉంటుంది. కథంతా ఈ రెండింటి పెనుగులాట.

పూర్వరంగం

ఆనవాలు అన్న మాట తెలుగువారికి రామాయణం నుంచే అలవాటు. సీతను ఎత్తుకుపోతున్నప్పుడు ఆమె నగలను ఉత్తరీయంలో మూటకట్టి కొండ మీద కూర్చున్న వానరుల మధ్య పడేస్తుంది. రాముడు ఆ మూట విప్పి చూపిస్తే లక్ష్మణుడు కాలి అందెలను మాత్రమే గుర్తుపడతాడు. రోజూ వదిన పాదాలకు మొక్కినవాడికి తెలిసినవి అవే. సుందరకాండలో ఉంగరం, చూడామణి చేతులు మారడంతో సరిపోదు. తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకాసురుడి ఉదంతాన్ని సీత హనుమంతుడితో చెప్పి పంపుతుంది. వస్తువును ఎవరైనా దొంగిలించవచ్చు, జ్ఞాపకాన్ని దొంగిలించలేరన్న లెక్క అందులో ఉంది. 20వ శతాబ్దపు ఉత్కంఠ నవలలు ఈ లెక్క మీదే నడిచాయి.

ఐరోపాలో ఈ శాఖకు పునాది వేసింది ఆన్ రాడ్‌క్లిఫ్. 1794లో వెలువడిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో ఎమిలీ అనే అనాథ యువతిని అత్తయ్య, ఆమె కొత్త భర్త మొంటోనీ కలిసి ఇటలీలోని అపినైన్ పర్వతాల కోటకు తీసుకుపోతారు. కొన్నాళ్ళకు అత్తయ్య కనబడదు. ఆమెను ఎక్కడ బంధించారో తెలుసుకోవడానికి ఎమిలీ రాత్రివేళ దీపం పట్టుకుని బురుజు మెట్లెక్కుతుంది. మెట్ల మీది నెత్తుటి మరకలు చూసి హత్య జరిగిపోయిందని కూలబడుతుంది. ఆ నెత్తురు అత్తయ్యది కాదని, ఆమె ఇంకా బతికే ఉందని తర్వాత తెలుస్తుంది. భయపెట్టిన ప్రతి వింతకూ చివర్లో లౌకికమైన కారణం చెప్పడం రాడ్‌క్లిఫ్ పద్ధతి. ఆ నవల హక్కులకు ప్రచురణకర్తలు ఆమెకు 500 పౌండ్లు ఇచ్చారు. ఆ కాలానికి అది గొప్ప మొత్తం.

దూరపు కొండలు నునుపంటారు. రాడ్‌క్లిఫ్‌కు దూరపు కొండలు భీకరంగా కనిపించాయి. ఈ నవలలో పిరెనీస్, ఆల్ప్స్, అపినైన్ శ్రేణులను పుటల కొద్దీ వర్ణించిన ఆమె అప్పటికి వాటిలో దేన్నీ చూడలేదు. సాల్వతోర్ రోసా వంటి చిత్రకారుల ప్రకృతి దృశ్యాలు, యాత్రికుల పుస్తకాలే ఆమె కళ్ళు. నవల వచ్చిన ఏడాదే భర్తతో కలిసి హాలండ్, జర్మనీల మీదుగా స్విట్జర్లాండ్‌కు బయల్దేరి, సరిహద్దు దాటకుండానే వెనుదిరిగింది.

మరో ముఖ్యమైన మెట్టు విల్కీ కాలిన్స్ రాసిన ‘ది వుమన్ ఇన్ వైట్’. 1859, 1860లలో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో కొండలు లేవు. కానీ ఈ శాఖ తర్వాత పదే పదే వాడుకున్న కిటుకు ఒకటి అందులో ఉంది: ఒకామె పేరుతో మరొకామెను పూడ్చిపెట్టడం. లోకం దృష్టిలో చచ్చిపోయిన లారాను, సవతి చెల్లెలి ముఖం మరచిపోని మేరియన్ పిచ్చాసుపత్రిలో గుర్తుపడుతుంది.

మేరీ స్టూవర్ట్

ఈ శాఖకు ఒక్క పేరే చెప్పాల్సివస్తే అది మేరీ స్టూవర్ట్. 1916లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టింది. డరమ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పింది. భర్త ఫ్రెడరిక్ స్టూవర్ట్ భూగర్భ శాస్త్రవేత్త. తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. రాళ్ళ గురించి తెలిసిన మనిషి ఇంట్లో ఉండడం ఆమె నవలలకు కలిసొచ్చిందనిపిస్తుంది. కొండంటే నల్లటి నీడ అని ఊరుకోదు. ఏ రాయి పట్టు ఇస్తుంది, ఏ చరియ జారుతుంది, ఏ వేళకు మబ్బు దిగుతుంది అన్నది ఆమె కథలో ప్రాణం మీదికొచ్చే విషయం.

1950ల నడుమ మొదలుపెట్టి దాదాపు ఏడాదికొకటి చొప్పున రాసింది. 1956 నాటి ‘వైల్డ్‌ఫైర్ ఎట్ మిడ్‌నైట్’ స్కాట్లండ్‌లోని స్కై ద్వీపంలో, 928 మీటర్ల బ్లావెన్ కొండ నీడలోని హోటల్లో జరుగుతుంది. కొండెక్కిన ఆడవాళ్ళు తిరిగి రారు. అతిథులంతా లాంతర్లు పట్టుకుని వెతకబోతారు. హంతకుడు ఆ వెతికేవాళ్ళలోనే ఉన్నాడు. అనుమానితుల్లో ఒకడు నాయిక విడాకులిచ్చిన భర్త. అతని మీద ఆమెకు ప్రేమ ఇంకా చావలేదు.

గవార్నీలో ఒక నీలిపువ్వు

తప్పిపోయిన బంధువు కథకు అచ్చమైన నమూనా ఆ మరుసటి ఏడాది వచ్చింది. 1957లో వెలువడిన ‘థండర్ ఆన్ ది రైట్’లో జెన్నిఫర్ సిల్వర్ అనే యువతి ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దున పిరెనీస్ కొండల్లోని గవార్నీ గ్రామానికి వస్తుంది. భర్త పోయిన ఆమె కజిన్ జిలియన్ అక్కడి సన్యాసినుల మఠంలో చేరే ఆలోచనలో ఉంది. పిడుగుల లోయలోని ఆ మఠం తలుపు తడితే లోపలివాళ్ళు చెప్పేది ఒక్కటే: దారిలో కారు ప్రమాదం జరిగింది, జ్వరం వచ్చింది, జిలియన్ చనిపోయింది, సమాధి పెరట్లో ఉంది.

ఏడ్చి వెనుదిరగాల్సిన చోటే కథ మలుపు తిరుగుతుంది. జబ్బుమనిషి గదిలో పెట్టిన నీలి జెంషియన్ పూలను చూసి ఎంత మురిసిపోయిందో మఠంలోవాళ్ళు జెన్నిఫర్‌ను ఊరడించడానికి చెబుతారు. జిలియన్‌కు రంగులు సరిగా తెలియవు. ఆ లోపం సంగతి మఠంలో ఎవరికీ తెలియదు, పోలీసులకు తెలియదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన జెన్నిఫర్‌కు తెలుసు. సమాధిలో ఉన్నది జిలియన్ కాదని ఆ క్షణంలోనే ఆమెకు రూఢి అవుతుంది. చూపించడానికి మాత్రం చేతిలో కాగితం ముక్క కూడా లేదు. ఎదుటివాళ్ళకు అది శోకంలో ఉన్న పిల్ల పలవరింత.

ప్రేమకథ పని ఇక్కడ మొదలవుతుంది. పాత పరిచయస్తుడు స్టీఫెన్ మాస్‌ఫీల్డ్ అదే ఊళ్ళో ఉంటాడు. మొదట అతనికీ నమ్మకం కుదరదు. జెన్నిఫర్ మాట మీద ఒక్కో మెట్టు ఎక్కుతాడు. నాయకుడు చేయాల్సిన మొదటి సాహసం కొండెక్కడం కాదు, నాయిక జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఒప్పుకోవడం. మఠంలో పెత్తనం చేసే డోన్యా ఫ్రాన్సిస్కా, కొండదారిన దొంగ సరుకు, మనుషులను దాటించే పియర్ బుసాక్ ప్రతినాయకులుగా నిలబడతారు. జిలియన్ బతికే ఉంటుంది. తను ఎవరో మరచిపోయిన స్థితిలో, మరొకరి ఇంట్లో.

స్టూవర్ట్‌కు ఈ నవల మీద పెద్దగా ప్రేమ లేదు. వర్ణన శ్రుతి మించిందని, విశేషణాలు కుమ్మరించానని తర్వాతి కాలంలో తనే ఒప్పుకుంది. పిడుగులు, వానలు, చీకటి గుడిలో ఎల్ గ్రెకో చిత్రాలు అన్నీ ఒకే పళ్ళెంలో వడ్డించిన మాట నిజమే. కానీ ఎంచుకున్న చోటు అలాంటిది. గవార్నీ దగ్గర కొండ అర్ధచంద్రాకారపు గోడలా నిలబడి ఉంటుంది. దాని మీంచి దాదాపు 420 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం దూకుతుంది. పైన శిఖరాల వరుసలో 2,807 మీటర్ల ఎత్తున ‘రోలాండ్ గండి’ అనే పెద్ద చీలిక. అవతల స్పెయిన్. దొంగ సరుకుకు, రెండో ప్రపంచ యుద్ధంలో పారిపోయేవారికి పిరెనీస్ కనుమలు నిజంగానే దారులయ్యాయి. ఈ ప్రాంతాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అన్న, తమ్ముడు, భర్త, ముసలమ్మ

తర్వాతి పదేళ్ళలో స్టూవర్ట్ ఇదే ఎత్తుగడను చుట్టరికం మార్చి, కొండ మార్చి వాడింది.

‘మై బ్రదర్ మైకేల్’ (1959) గ్రీసులోని డెల్ఫీలో, పర్నాసస్ పర్వతం మీద జరుగుతుంది. సైమన్ లెస్టర్ అనే బడిపంతులు యుద్ధకాలంలో అక్కడి గెరిల్లాలతో పనిచేస్తూ చనిపోయిన అన్న సంగతి తేల్చుకోవడానికి వస్తాడు. వెతికేది మనిషిని కాదు, అతని ఆఖరి రోజును. అన్న ఇంటికి రాసిన చివరి ఉత్తరంలో ఏదో దొరికిందన్న సంబరం ఉంది, ఏమిటన్నది లేదు. ఆ రాతలో తొణికిన ఉత్సాహం తమ్ముడికే అర్థమవుతుంది. పొరపాటున చేతికొచ్చిన కారు తాళాలతో కెమిల్లా ఈ కథలోకి వచ్చి పడుతుంది.

‘ది మూన్‌స్పిన్నర్స్’ (1962) క్రీట్ ద్వీపపు తెల్లకొండల్లోది. సెలవు మీద వచ్చిన నికొలా ఒక తెల్లకొంగ వెంట నిమ్మతోటలోకి, అక్కణ్ణుంచి కొండమీదికి నడుస్తుంది. గొర్రెలకాపరుల పాకలో గాయపడ్డ మార్క్ కనబడతాడు. ఓ హత్యను కళ్ళారా చూసిన పాపానికి అతని పదిహేనేళ్ళ తమ్ముడు కోలిన్‌ను ఎవరో ఎత్తుకుపోయారు. అన్నకు లేచే ఓపిక లేదు. వెతికే భారం పరాయి పిల్ల మీద పడుతుంది. 1964లో డిస్నీ సంస్థ దీన్ని హేలీ మిల్స్‌తో సినిమాగా తీసింది. మూకీల కాలపు తార పోలా నెగ్రీకి ఇదే చివరి చిత్రం. సినిమాలో తమ్ముణ్ణి తీసేసి నగల దొంగతనం పెట్టారు. కథలోని దిగులంతా తమ్ముడితో పాటే పోయి, మిగిలింది సరదా పరుగు మాత్రమే.

‘ఎయిర్స్ అబవ్ ది గ్రౌండ్’ (1965)లో స్టాక్‌హోమ్‌లో ఉన్నానని చెప్పిన భర్త, ఆస్ట్రియాలో సర్కస్ డేరా కాలిపోయిన వార్తాచిత్రంలో కనబడతాడు, పక్కన ఇంకో అమ్మాయితో. అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన భార్యను చివరికి కొండమీదికి పళ్ళచక్రాలతో పాకే రైలు పట్టాల దాకా కథ లాక్కుపోతుంది. భర్త తప్పిపోయాడా, తప్పించుకు తిరుగుతున్నాడా అన్నది ఇందులో అసలు గుంజాటన.

‘ది గేబ్రియల్ హౌండ్స్’ (1967) లెబనాన్ కొండల్లోకి తీసుకుపోతుంది. నాయనమ్మ వరసయ్యే హ్యారియెట్ పాడుబడ్డ మహల్లో ఒంటరిగా, తూర్పుదేశపు రాణిలా బతుకుతోందని, రాత్రిపూట మాత్రమే చుట్టాలకు దర్శనమిస్తుందని చెబుతారు. ఈ పాత్రకు మూలం లేడీ హెస్టర్ స్టాన్‌హోప్. బ్రిటిష్ ప్రధాని చిన్న పిట్ మేనకోడలైన ఆమె లెబనాన్ కొండల్లోని జూన్ గ్రామం దగ్గర స్థిరపడి 1839లో అక్కడే కన్నుమూసింది. నవలలో ఆ చుట్టాలు క్రిస్టీ, చార్లెస్ చీకటి గదిలో విన్న మాటలను తమ ఇంటి జ్ఞాపకాలతో సరిపోల్చుకుంటారు. సరిపోవు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మే ఇక్కడ తప్పిపోయిన మనిషి.

కొండకు అప్పగించిన పని

పట్నంలో మనిషి తప్పిపోతే ఠాణా ఉంటుంది, పత్రిక ఉంటుంది, పొరుగు ఉంటుంది. కొండ ఇవన్నీ తీసేస్తుంది. సరిహద్దు దగ్గర చట్టం మారుతుంది, లోయ దాటితే భాష మారుతుంది. ఎండాకాలంలో ఉదయం నిర్మలంగా ఉండే ఆకాశం మధ్యాహ్నానికల్లా పిడుగుల మేఘం కడుతుంది. మంచుతెర దిగితే పదడుగుల దూరంలోని మనిషి స్నేహితుడో శత్రువో తెలియదు. పిలుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో ప్రతిధ్వని చెప్పనివ్వదు. రచయిత ఉత్కంఠ కోసం బయటి నుంచి ఏదీ తెచ్చుకోనక్కర్లేదు.

పర్వతారోహకుల నియమాలు కూడా కథలకు పనికొచ్చాయి. ఆల్ప్స్‌లో ప్రమాద సంకేతం 1894 నుంచి వాడుకలో ఉంది. ఈల గానీ దీపం గానీ నిమిషానికి ఆరుసార్లు, తర్వాత ఒక నిమిషం మౌనం, మళ్ళీ ఆరు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు బదులివ్వాలి. మౌనంగా గడిచే ఆ నిమిషంలో ఎంత కథైనా నడపవచ్చు. మంచు చరియల కింద చిక్కినవారి కోసం ఇప్పుడు 457 కిలోహెర్ట్జ్ మీద పలికే చిన్న ట్రాన్స్‌సీవర్లు వాడతారు. కూరుకుపోయినవారిని మొదటి పావుగంటలోపు బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. అరగంట దాటితే బాగా పడిపోతుంది.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ కథలకు కాలం చెల్లుతుందనిపించింది. రచయితలు సిగ్నల్ అందని లోయలు వెతుక్కున్నారు. అమెరికాలో ఈ శాఖ రాకీ పర్వతాలకు, అలాస్కాకు మారింది. నాయకుడు రెస్క్యూ దళంలో ఉద్యోగి, పక్కన వాసన పట్టే కుక్క, నాయిక కనబడని తోబుట్టువు కోసం వచ్చిన మనిషి: హార్లెక్విన్ వంటి సంస్థలు నెలనెలా వేసే చిన్న నవలల్లో ఇది స్థిరపడిన మూస. ‘మృతి చెందింది’ అన్న కాగితానికి బదులు ఇప్పుడు ‘నేను బాగానే ఉన్నా, వెతకొద్దు’ అన్న మెసేజ్ వస్తుంది. రాసిన తీరు చూసి, ఇది మా చెల్లి రాసింది కాదని అక్క పసిగడుతుంది.

మంచు తిరిగిచ్చినవారు

కొండ మనిషిని మింగడమే కాదు, చెడకుండా దాస్తుంది కూడా. స్వీడన్‌లోని ఫాలున్ రాగి గనిలో 1677లో తప్పిపోయిన యువ కార్మికుడి దేహం 1719లో బయటపడింది. గనిలోని లవణాల వల్ల ముఖం చెక్కు చెదరలేదు. ఎవరో తెలియక జనం చూస్తుండగా, ఒకప్పుడు అతనితో పెళ్ళి కుదిరిన మనిషి వచ్చి గుర్తుపట్టింది. ఆమె ముసలిదైపోయింది, అతను అలాగే ఉన్నాడు. జర్మన్ రచయిత యోహాన్ పీటర్ హేబెల్ 1811లో ఈ ఉదంతాన్ని చిన్న కథగా మలిచాడు. ఆ తర్వాత హాఫ్‌మన్ దాన్నే పెద్ద కథ చేశాడు.

2015 నాటి బ్రిటిష్ చిత్రం ‘45 ఇయర్స్’ దానికి దూరపు చుట్టం. డేవిడ్ కాన్‌స్టాంటైన్ కథ ఆధారంగా ఆండ్రూ హేగ్ తీశాడు. పెళ్ళయి నలభై అయిదేళ్ళు నిండబోయే వారంలో భర్తకు స్విట్జర్లాండ్ నుంచి ఉత్తరం వస్తుంది: 1962లో హిమానీనదంలో పడిపోయిన పాత ప్రియురాలి దేహం కనబడిందని. కొండెక్కేవాళ్ళెవరూ లేరు, పరుగులు లేవు. అటక మీది స్లైడ్ ఫొటోలను భార్య ఒక్కతే దుప్పటి తెర మీద వేసుకుని చూడడమే ఇందులో వెతుకులాట.

నోరా రాబర్ట్స్ నవల ‘నార్తర్న్ లైట్స్’ (2004) ఈ వస్తువును నేరకథ వైపు తిప్పింది. అలాస్కాలో మెగ్ అనే విమాన చోదకురాలి తండ్రి 1988లో ఇల్లు వదిలి వెళ్ళాడు. వదిలేసి పోయాడని ఊరంతా అనుకుంది. పదహారేళ్ళకు మంచుగుహలో అతని దేహం దొరుకుతుంది, ఛాతీలో మంచుగొడ్డలితో. తండ్రి తనను కాదనుకుని పోలేదని ఆ కూతురికి తెలిసిన రోజే, ఊళ్ళో ఒకడు హంతకుడనీ తెలుస్తుంది.

దొరకనివారు

అన్ని కథలూ కలయికతో ముగియవు. డాఫ్నే డు మోరియే 1952 సంపుటిలోని ‘మోంటె వెరిటా’లో కొత్తగా పెళ్ళయిన భార్య పర్వతశిఖరం మీది రహస్య సమాజంలోకి నడిచిపోతుంది. భర్త ఏటా ఆ కొండ కిందికి వచ్చి ఎదురుచూస్తాడు. ఆమె తప్పిపోలేదు, తనకై తానే వెళ్ళిపోయింది. ఈ సంగతి అతనికన్నా ముందు, ఆమెను మూగగా ప్రేమించిన స్నేహితుడికి అర్థమవుతుంది.

ఆస్ట్రేలియా రచయిత్రి జోన్ లిండ్సే 1967లో రాసిన ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’లో కొండ చూడ్డానికి వెళ్ళిన బడి అమ్మాయిలు మాయమవుతారు. ఏమయ్యారో నవల చెప్పదు. గుట్టు విప్పే చివరి అధ్యాయాన్ని ప్రచురణకు ముందే తీసేశారు. రచయిత్రి మరణించాక 1987లో అది విడిగా అచ్చయింది. పీటర్ వియర్ 1975లో తీసిన సినిమా ఆ గుట్టు తెలియని రూపంలోనే ప్రపంచమంతా తిరిగింది.

హిమాలయం, తెలుగు తెర

భారతదేశంలో ఈ శాఖ తొలి అడుగుల్లో ఒకటి సిమ్లాలో పుట్టిన ఎం.ఎం.కే రాసిన నవల. 1953లో వచ్చి తర్వాత ‘డెత్ ఇన్ కశ్మీర్’గా పేరు మారిన ఆ పుస్తకం 1947లో గుల్మార్గ్ మంచువాలుల మీద, బ్రిటిష్‌వాళ్ళు సామాన్లు సర్దుకుంటున్న వేళ జరుగుతుంది. వెతుకులాట గూఢచారుల రహస్యం కోసమే గానీ బంధువు కోసం కాదు.

బంధువు కోసం వెతికిన కథ తెలుగువారి గుండెల్లోకి ‘రోజా’తో వచ్చింది. మణిరత్నం తమిళంలో తీసి 1992 ఆగస్టులో విడుదల చేసిన ఈ చిత్రం తెలుగు అనువాదంలోనూ విరగబడి ఆడింది. సంగీత దర్శకుడిగా రెహమాన్ తొలి చిత్రమైన దీనికి రాజశ్రీ రాసిన తెలుగు పాటలు మూడు దశాబ్దాలైనా రేడియో వదల్లేదు. 1991లో కశ్మీర్‌లో ఒక చమురు సంస్థ అధికారిని మిలిటెంట్లు అపహరించిన ఉదంతం కథకు పురికొల్పింది. వెనక సావిత్రీ సత్యవంతుల నీడ ఉంది. అప్పటి పరిస్థితుల్లో కశ్మీర్ వెళ్ళే వీల్లేక మనాలీ, కూనూరు వంటి చోట్ల కొండలను కశ్మీర్‌గా చూపించారు. నాయిక అడుగుపెట్టిన చోట భాష రాదు. అధికారుల దగ్గర ఆమె భర్త ఒక ఫైలు, ఒక బేరంలో సగం. ఆమె మాత్రం తన మనిషి పేరు పట్టుకుని ప్రతి తలుపూ కొడుతుంది. ఇక్కడ ప్రేమ వెతుకులాట దారిలో ఎదురైనది కాదు. అనుకోకుండా కుదిరిన పెళ్ళి ఆ వెతుకులాటలో దాంపత్యంగా గట్టిపడుతుంది.

విశాల్ భరద్వాజ్ ‘హైదర్’ (2014) అదే లోయను రెండోవైపు నుంచి చూసింది. ‘హామ్లెట్’ను 1995 నాటి కశ్మీర్‌కు తెచ్చిన ఈ చిత్రంలో కొడుకు కనబడకుండా పోయిన డాక్టర్ తండ్రి ఫొటో పట్టుకుని శిబిరాల చుట్టూ తిరుగుతాడు. భర్త ఉన్నాడో లేడో తెలియని ఆడవాళ్ళను అక్కడ ‘అర్ధ వితంతువులు’ అంటారన్న సంగతి చాలామంది ప్రేక్షకులకు ఈ చిత్రంతోనే తెలిసింది.

తెలుగు సినిమా కొండను వదిలేసి నగరాన్ని తీసుకుంది. హిందీ ‘కహానీ’ ఆధారంగా శేఖర్ కమ్ముల తీసిన ‘అనామిక’ (2014)లో భర్తను వెతుక్కుంటూ వచ్చిన నయనతారకు హైదరాబాద్ పాతబస్తీ సందులే లోయలు. అడివి శేష్ నటించిన ‘క్షణం’ (2016)లో పాత ప్రియురాలి పాప కోసం నాయకుడు అమెరికా నుంచి వస్తాడు. అసలు ఆ పాపే లేదని ఎదురైన ప్రతివాడూ అంటాడు. గవార్నీ మఠం గుమ్మంలో జెన్నిఫర్ నిలబడ్డది ఇలాంటి చోటే.

ఏడేళ్ళ లెక్క

కల్పనకు దీటైన నాటకం చట్టంలోనూ ఉంది. ఒక మనిషి గురించి సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్ళకు ఏడేళ్ళపాటు ఏ కబురూ అందకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అనేవాళ్ళ మీద పడుతుందని 1872 నాటి భారత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ ఆ ఏడేళ్ళను ఉంచింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకు ఇదే ఏడేళ్ళు ఒక కారణం. అంటే చట్టం కూడా అడిగేది ఇంటివాళ్ళకు ఏం తెలుసన్నదే.

2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల తర్వాత ఈ లెక్క పనికిరాలేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన యాత్రికులు సహా వేలమంది జాడ తెలియలేదు. కుటుంబసభ్యులు ఫొటోలు పట్టుకుని రిషీకేశ్, డెహ్రాడూన్‌లలో ఆసుపత్రుల చుట్టూ, హెలికాప్టర్లు దిగే చోట్ల చుట్టూ తిరిగారు. నెల గడిచాక ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఏడేళ్ళు ఆగకుండా, జాడ తెలియని 5,700 మందికి పైగా జనాన్ని మరణించినట్టు భావించి పరిహారం ఇవ్వడానికి సిద్ధపడింది.

ఇంకొన్ని వెతుకులాటలు ఒక తరం దాటి సాగాయి. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన వైమానిక దళ విమానం రోహతాంగ్ ప్రాంతంలో మాయమైంది. 2003లో పర్వతారోహకులకు శకలాలు దొరికాయి. 2024లో, అంటే 56 ఏళ్ళకు, ఆ మంచులోంచి మరో నలుగురి అవశేషాలు తీశారు. స్విట్జర్లాండ్‌లో 1942 ఆగస్టు 15న పశువులను చూసుకోవడానికి కొండమీది మేతబీళ్ళకు వెళ్ళిన దంపతులు తిరిగి రాలేదు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. 2017 జులైలో హిమానీనదం కరిగి ఇద్దరూ పక్కపక్కనే కనబడ్డారు. చిన్నకూతురు అప్పటికి ఎనభైకి దగ్గర పడింది. జీవితమంతా ఆ మంచు మీదికి వెళ్ళి వెతికిన మనిషి ఆమె.

1924లో ఎవరెస్టు మీద తోటి ఆరోహకుడు మేలరీతో పాటు కనుమరుగైన ఆండ్రూ ఇర్విన్ సంగతీ ఇలాంటిదే. మేలరీ దేహం 1999లో దొరికింది. ఇర్విన్ జీవిత చరిత్ర రాసింది అతని తోబుట్టువు మనవరాలు జూలీ సమ్మర్స్. 2024 సెప్టెంబరులో ఉత్తరం వైపు హిమానీనదం మీద ఒక బూటు, అందులో పాదం కనబడ్డాయి. మేజోడు మీద చిన్న గుడ్డ పట్టీ, దాని మీద ఎర్రదారంతో కుట్టిన ఇంటిపేరు.